గీథోర్న్ కాలువలు ప్రకృతి ప్రేమతో తవ్వినవి కావు

నెదర్లాండ్స్‌లోని గీథోర్న్ గ్రామం గురించిన సందేశాన్ని మిత్రులు ఎన్నిసార్లు చెప్పినా వినకుండా పంపుతూనే ఉన్నారు. ఆ ఊళ్లో రోడ్డే లేదట, అందరూ పడవల్లోనే తిరుగుతారట, పర్యావరణాన్ని కాపాడాలని పూర్వీకులు ఎనిమిది వందల ఏళ్ల క్రితమే కాలువలు తవ్వుకున్నారట.

రోడ్డు ఉంది. దగ్గరి పట్టణమైన స్టేన్‌వైక్ నుంచి బస్సు కూడా వస్తుంది. అందరూ పడవల్లోనే తిరిగే ఊరికి 170కి పైగా వంతెనలు ఎందుకో పంపేవారే చెప్పాలి. ఇటలీలోని కాలువల నగరం వెనిస్‌తో పోల్చి ఈ ఊరిని ‘ఉత్తరాది వెనిస్’ అనడం పర్యాటక ప్రచారం, దానిపై వాదన అనవసరం.

నేను ఊరుకోలేనిది మూడో మాట. అక్కడి నేల పీట్, అంటే వేల ఏళ్లుగా చిత్తడిలో పేరుకున్న మొక్కల అవశేషాలతో ఏర్పడిన, ఎండితే కట్టెలా మండే నల్లని మట్టి. పొడవాటి కర్రకు కట్టిన వలతో దానిని నీటి అడుగు నుంచి తోడి, పక్కనే వదిలిన సన్నని నేలపట్టీ మీద పరిచి, ఆరాక ఇటుకల్లా కోసి, వంటచెరకుగా అమ్మేవారు. ఆ సరుకును పడవల్లో తరలించడానికే కాలువలు తవ్వారు. లాభం కోసం నేలపట్టీలను మరీ సన్నగా వదలడంతో గాలికీ అలలకీ అవి కోసుకుపోయి, తవ్విన గుంటలు కలిసి చెరువులయ్యాయి. 1775, 1776 సంవత్సరాల్లో వరుసగా వచ్చిన తుపాను వరదలకు పొరుగునున్న బ్యోలాకె గ్రామమే మునిగిపోయింది. అక్కడ ఇప్పుడున్నది చెరువు. కాళ్ల కింది నేలను తవ్వి అమ్ముకుని ఊరినే పోగొట్టుకున్న చరిత్రను పర్యావరణ పాఠమని పంచిపెట్టడం ఏం న్యాయం? నడుములు వంగేలా ఆ మట్టిని తోడిన కూలీల ఊసైనా ఆ సందేశంలో లేదు.

పాత ఊరి లోపల కార్లు తిరిగే దారి లేదన్నది మాత్రం నిజమే. ఇంకొకటీ ఒప్పుకోవాలి: అలా చెడిన నేలే నేడు వేర్రిబ్బెన్-వీడెన్ జాతీయ ఉద్యానవనం, 2002లో నీటికుక్కలను తిరిగి వదిలిన చోటు. అయితే అదీ తనంతట తాను నిలవడం లేదు. ఇళ్ల పైకప్పులకు వాడే రెల్లును చలికాలంలో కోస్తూ ఉండాలి, లేకపోతే ఆ చిత్తడి కొన్నేళ్లలో పొదలెక్కి అడవిగా మారిపోతుంది.