ర్యాండమ్‌గా ఉండాలి, మేం చెప్పినట్టే ఉండాలి

మనస్తత్వశాస్త్ర ప్రయోగాల్లో బొమ్మల వరుసను కలగలపడానికి కొందరు తెగ కష్టపడుతుంటారు. ఎందుకో అర్థం కాదు. మ్యాట్‌ల్యాబ్ అనే ప్రోగ్రామింగ్ సాఫ్ట్‌వేర్ తెరిచి, వరుసను కలగలిపే ర్యాండ్‌పెర్మ్ కమాండ్ కొడితే అయిపోదూ! తెరిచిన ప్రతిసారీ అది ఒకే సీడ్‌తో, అంటే ర్యాండమ్ అంకెల వరుసకు మూలమైన అంకెతో, మొదలవుతుంది. ర్యాండ్ కమాండ్ ఇచ్చే మొదటి అంకె ఎప్పుడూ 0.8147. కాబట్టి ప్రతి పార్టిసిపెంట్‌కూ మూసి తెరిస్తే, ఒకరికి ఏడో బొమ్మ పామైతే అందరికీ ఆ పామే. ఇంతకు మించిన సమన్యాయం ఉందా? మొదట్లో సీడ్ మార్చే ‘ఆర్‌ఎన్‌జీ షఫుల్’ అని ఒక్క లైను రాస్తే ఇదంతా చెడుతుంది. అందుకే ఎవరూ రాయరు.

మరికొందరు 40 బొమ్మలకు 40 సార్లు ర్యాండ్‌ఐ కమాండ్‌తో ర్యాండమ్‌గా అంకె తీస్తారు. తీసిన అంకెను పక్కన పెట్టరు గనక సగటున 14, 15 బొమ్మలు అసలు తెరే ఎక్కవు. తర్వాత జ్ఞాపకశక్తి పరీక్షలో ‘ఇది చూశారా?’ అంటే పాపం పార్టిసిపెంట్ చూడలేదని నిజమే చెబుతాడు. దాన్ని మనం మతిమరుపు కింద రాసుకుంటాం.

సైకోపై అనే ప్రయోగాల సాఫ్ట్‌వేర్‌లో ఆ బెడద లేదు. బొమ్మల్ని రౌండ్లుగా చూపే లూప్‌కి టైపు ర్యాండమ్ అని పెడితే ప్రతి రౌండ్‌లో ప్రతి బొమ్మా ఒక్కసారే వస్తుంది. పది బొమ్మల్లో తొమ్మిది చూసినవాడు పదోది చెప్పేస్తాడు. ఫుల్‌ర్యాండమ్ పెడితే అన్ని రౌండ్లూ ఒకే కుప్ప. అదే బొమ్మ వెంటవెంటనే మూడుసార్లు రావచ్చు. అది చూడగానే గైడ్‌గారు ‘ఇదేం ర్యాండమయ్యా?’ అంటారు.

అక్కణ్నుంచి షరతులు మొదలు. 30 ముఖాలు, 10 పాములు; ముఖాలు వరసగా రెండుకు మించి రాకూడదట. విద్యార్థి వైల్ లూప్ రాస్తాడు: కలుపు, చూడు, కుదరకపోతే మళ్లీ కలుపు. పది పాముల చుట్టూ ఉండే ఖాళీలు 11. రెండేసి చొప్పున పట్టేది 22 ముఖాలే. మిగతా ఎనిమిదీ ఎక్కడ పెట్టాలో లూప్‌కీ తెలియదు, ఆగదు. కంప్యూటర్ స్లో అని ర్యామ్ కోసం ఇండెంట్ వెళుతుంది.

సరే, మూడు దాకా రానిద్దాం అంటారు పెద్దమనసుతో. 33 పడతాయి, కుదురుతుంది. కాకపోతే మొత్తం 84,76,60,528 అమరికల్లో షరతు తీర్చేవి 286. అంటే దాదాపు 30 లక్షల్లో ఒకటి. అంతసేపూ పార్టిసిపెంట్ కుర్చీలో తెల్ల తెర చూస్తుంటాడు. తీరా దొరికిన వరుసలో కనీసం ఎనిమిది ఖాళీల్లో సరిగ్గా మూడేసి ముఖాలు. మూడు ముఖాలు, ఒక పాము, మూడు ముఖాలు, ఒక పాము. కాస్త చురుకైనవాడైతే పాము రాకముందే మీట నొక్కేస్తాడు. స్పందన ఎంత వేగంగా ఉందో చూశారా, అని మనం మురిసిపోతాం.

పాముల్ని పెంచడమో షరతు సడలించడమో చేయొచ్చు. కానీ అంతకుముందు పేపర్లో 30, 10 అనే ఉందిగా!

చివరికి మన పేపర్లో, ప్రయోగం ఎలా చేశామో చెప్పే మెథడ్స్ భాగంలో ఒకే వాక్యం: ‘బొమ్మలను యాదృచ్ఛిక క్రమంలో చూపాం.’ ఎవరికి ఏ వరుస వచ్చిందని రివ్యూయర్ అడిగితే, డేటా ఫైల్లో సీడ్, ట్రయల్ నంబరు, బొమ్మ ఫైలు పేరు ఉంటే చెప్పొచ్చు. అవి పెట్టలేదు. కాలమ్‌లు ఎక్కువైతే ఎక్సెల్‌లో ప్రింటు ఒక పేజీలో రాదట.