వే ఫార్వర్డ్ సరే, సెక్షన్ చదివారా?

హైదరాబాద్ అశోక్‌నగర్ కోచింగ్ వీధిలో సివిల్స్ టెస్ట్ సిరీస్ పేపర్లు దిద్దే పని నాది. జీఎస్-2 (పాలన, రాజ్యాంగం అడిగే మెయిన్స్ పేపర్) కట్టలు దిద్దీ దిద్దీ కడుపు మండి రాస్తున్నా. ఘాటుగా ఉంటే ఏమనుకోకండి.

పరీక్షల్లో అక్రమాల్ని ఆపడానికి తెచ్చిన పబ్లిక్ ఎగ్జామినేషన్స్ చట్టం, 2024 మీద ప్రశ్న ఇచ్చాం. ఎక్కువమంది రాసింది ఒకటే: కాపీ కొట్టిన అభ్యర్థికి 3 నుంచి 5 ఏళ్ల జైలు, 10 లక్షల వరకు జరిమానా. నాయనా, అభ్యర్థులు ఈ చట్టం కిందికి రారని బిల్లుతో పాటు ఇచ్చిన ఉద్దేశాల ప్రకటనలోనే ఉంది. మీ సంగతి ఆ పరీక్ష పెట్టే సంస్థ తన నిబంధనల ప్రకారం చూసుకుంటుంది. జైలు పేపర్ లీక్ చేసేవాడికి, ఓఎంఆర్ షీట్ తారుమారు చేసేవాడికి. ముఠా కట్టి చేస్తే 5 నుంచి 10 ఏళ్లు, కోటికి తగ్గని జరిమానా. పైగా ఇది యూపీఎస్సీ, ఎస్‌ఎస్‌సీ, రైల్వే, బ్యాంకు, ఎన్‌టీఏ లాంటి కేంద్ర పరీక్షలకే. 2023లో టీఎస్‌పీఎస్సీ లీకేజీతో గ్రూప్-1 ప్రిలిమ్స్ రద్దయిన దెబ్బ ఈ వీధికి తెలుసు కదా. రాష్ట్ర కమిషన్లకు ఈ చట్టం వర్తించదన్న ముక్క మాత్రం ఒకరిద్దరి పేపర్లలోనే కనిపించింది.

తప్పంతా పిల్లలదే అనను. చట్టం వచ్చిన రెండ్రోజులకే జిరాక్స్ షాపుల్లో నోట్సు దిగుతుంది. పీఐబీ (కేంద్రం పత్రికా సమాచార విభాగం) ప్రకటనని తెచ్చి ముఖ్యాంశాలు, ప్రయోజనాలు, సవాళ్లు, వే ఫార్వర్డ్ (ఇకపై ఏం చేయాలి) అని నాలుగు గుంటల ఇడ్లీ ప్లేటులో పోస్తారు. ఏ చట్టమైనా అదే ప్లేటు. కార్మిక కోడ్‌లంటే "29 చట్టాలు, 4 కోడ్‌లు". అయిపోయింది. అనుమతి లేకుండా కార్మికుల్ని తీసేయగల ఫ్యాక్టరీ సైజు 100 మంది నుంచి 300 మందికి పెరిగిందన్నది ఎవరికి కావాలి?

2024 జూలై 1న వచ్చిన క్రిమినల్ చట్టాల గతీ అంతే. ఐపీసీ 420 ఇప్పుడు 318, 302 ఇప్పుడు 103 అని ఎక్కాల్లా అప్పజెబుతారు. పోలీస్ కస్టడీ మాటేంటి అంటే మౌనం. పాత పద్ధతిలో పోలీస్ కస్టడీకి ఇచ్చే 15 రోజులూ రిమాండ్‌లోని మొదటి 15 రోజుల్లోనే అయిపోవాలి. పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన బీఎన్‌ఎస్‌ఎస్‌లో 187 ప్రకారం వాటిని ముక్కలు ముక్కలుగా, కేసుని బట్టి మొదటి 40 లేదా 60 రోజుల్లో ఎప్పుడైనా అడగొచ్చు. మళ్లీ కస్టడీ కావాలన్న సాకుతోనే బెయిల్ ఆపకూడదని 480లో ఒక వాక్యం కూడా ఉంది. రెండూ పక్కపక్కన పెట్టుకుని చదివితేనే అసలు విషయం ఒంటబడుతుంది. ఐపీసీ బదులు వచ్చిన భారతీయ న్యాయ సంహితలో హిట్ అండ్ రన్ క్లాజు, 106(2), మిగతా సంహితతో పాటు అమల్లోకి రాలేదని కూడా చాలామందికి తెలీదు. 2024 జనవరిలో ట్రక్కు డ్రైవర్ల సమ్మెకి హైదరాబాద్ బంకుల ముందు క్యూలు కట్టిందీ, ఒక డెలివరీ కుర్రాడు గుర్రమెక్కి ఆర్డర్ ఇవ్వడానికి వెళ్లిందీ ఆ క్లాజు పుణ్యమే. గుర్రం వీడియో మాత్రం అందరూ చూశారు!

నాకు ఎక్కువ బాధ కలిగించింది ఆర్టీఐ. నోట్సులో ఒక్క లైను: "డీపీడీపీ చట్టంతో 8(1)(జె) సవరణ." డీపీడీపీ అంటే డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం, 8(1)(జె) అంటే వ్యక్తిగత సమాచారం ఇవ్వననడానికి ఆర్టీఐలో ఉన్న క్లాజు. ఏం సవరించారు? ఇదివరకు ప్రజా వ్యవహారంతో సంబంధం లేని, లేదా అకారణంగా ప్రైవసీలో వేలుపెట్టే సమాచారమైతేనే వద్దనొచ్చు. విస్తృత ప్రజాప్రయోజనం ఉంటే అదీ ఇవ్వాలి. చట్టసభకు కాదనలేనిది పౌరుడికీ కాదనకూడదని ఒక నియమం ఉండేది. 2025 నవంబర్ నుంచి ఇవన్నీ పోయాయి. వ్యక్తిగత సమాచారం అంటే చాలు, వద్దనొచ్చు. ప్రజాప్రయోజనం ఎక్కువైతే సమాచారం ఇవ్వడానికి 8(2) ఉంది కదా అంటుంది ప్రభుత్వం. ఉంది, కానీ అందులో అధికారి "ఇవ్వవచ్చు" అని ఉంది. ఊళ్లో ఉపాధి పనుల మస్టర్లలో (కూలీల హాజరు పట్టీల్లో) దొంగ పేర్లున్నాయని అనుమానమొచ్చి ఒకాయన కాపీ అడిగితే, పేర్లు వ్యక్తిగతం అని చేతులు దులుపుకోవడం ఇప్పుడు తేలిక. ఆ దరఖాస్తు రేపు మీ టేబుల్ మీదికే వస్తుంది.

ఈ మాటంటే ఒక తమ్ముడు, "అన్నా, బేర్ యాక్టులు (చట్టాల అసలు పాఠాలు) చదివే టైమ్ ఎక్కడుంది? సిలబస్ చూశావా?" అన్నాడు. మొత్తం చదవమని ఎవరన్నారు? చట్టాలన్నీ పెట్టే ప్రభుత్వ సైట్ ఇండియా కోడ్‌లో ఫ్రీగా ఉంటాయి. మారిన సెక్షన్ పాతదీ కొత్తదీ పక్కన పెట్టి చదవడానికి అరగంట చాలు. అంతకన్నా ఎక్కువ సేపు టాపర్ల ఇంటర్వ్యూలు చూస్తున్నారు.

సబ్‌కలెక్టర్‌గా చేరితే మీరు సంతకం పెట్టాల్సిన వాటిలో బీఎన్‌ఎస్‌ఎస్ 163 ఒకటి, అంటే గుమిగూడటం లాంటి వాటిని నిషేధించే పాత 144 సెక్షన్. ఆర్డర్ రాతపూర్వకంగా ఉండాలి, వాస్తవాలు అందులో చెప్పాలి, మామూలుగా రెండు నెలలు దాటకూడదు. న్యాయమైన అభిప్రాయాన్ని నొక్కడానికి దాన్ని వాడకూడదని 2020లో కశ్మీర్ ఆంక్షల మీద వేసిన అనురాధా భసీన్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. వచ్చే టెస్టులో దీని మీద వ్యాసం అడగను. ఒక ఊరి పరిస్థితి ఇస్తా, ఆర్డర్ రాయండి. కారణాలు లేకపోతే సున్నా వేస్తా, తర్వాత వచ్చి బతిమాలొద్దు.