96 కోర్ల ఆసామి

మా బామ్మర్దికి 96 కోర్లున్నాయి. మాగాణా, మెట్టా అని తొందరపడకండి, అక్కడికే వస్తున్నాను.

ఒకప్పుడు పెళ్లికొడుకుని చూడ్డానికి వచ్చినవాళ్లు ఎన్నెకరాలని అడిగేవారు. తర్వాత కొండాపూర్‌లో ఎన్ని గజాలని అడిగారు. కూకట్‌పల్లిలో మావాడుండే అపార్ట్‌మెంట్ లిఫ్టులో ఇప్పుడు "మీది ఎన్ని కోర్లండీ?" అని అడుగుతున్నారు. కోర్లంటే కంప్యూటర్ చిప్పు లోపల విడివిడిగా పనిచేసే మెదళ్లు. ఆ చిప్పులు చేసే పోటీ కంపెనీలు ఇంటెల్, ఏఎండీ. ఎదురు ఫ్లాటాయనకి 56. ఆయనది ఇంటెల్ వంశం, జియాన్ డబ్ల్యూ9-3495ఎక్స్. మావాడిది ఏఎండీ వంశం, థ్రెడ్‌రిప్పర్ ప్రో 7995డబ్ల్యూఎక్స్. ఈ రెండిళ్ల మధ్య పెరుగు తోడు పుచ్చుకోవడాలు ఆగిపోయి ఆర్నెల్లయింది.

ఇంత ఆస్తికి ఇంకా పట్టాదారు పాసుపుస్తకాలు ఇవ్వకపోవడం అన్యాయం. తగాదా ముదిరి సివిల్ కోర్టుకెక్కకముందే ఎవరో ఒకరు గొలుసు పట్టుకుని సర్వే చేయాలి కదా. బావగా ఆ బాధ్యత నేనే తీసుకున్నాను.

ముందు హద్దులు. 96 కోర్లంటే ఒకే బిట్టు కాదు. ఎనిమిదేసి కోర్ల ముక్కలు 12, వాటి మధ్య రాకపోకలు చూసుకునే ముక్క ఇంకోటి, లేఅవుట్‌లో క్లబ్‌హౌస్ లాగా. దీన్ని ఎదురు ఫ్లాటాయన "అతుకుల బొంత" అంటాడు. ఆ మాట ఆయన సొంతం కాదు. 2017లో ఏఎండీ ఎపిక్ సర్వర్ చిప్పులు వచ్చినప్పుడు, నాలుగు డెస్క్‌టాప్ ముక్కలు తెచ్చి జిగురు పెట్టారని ఇంటెల్ వాళ్లే స్లైడు వేసి మరీ వెక్కిరించారు. 2023 జనవరిలో ఆ ఇంటెలే తన పెద్ద సర్వర్ చిప్పును నాలుగు ముక్కలుగా చేసి అతికించింది. ఎదురు ఫ్లాటాయన 56 కోర్లూ ఆ కుటుంబంవే. ఈ సంగతి లిఫ్టులో ఎత్తొద్దని మా చెల్లెమ్మ నాతో ఒట్టు వేయించుకుంది. లిఫ్టులో ఎత్తలేదు, ఇక్కడ రాస్తున్నాను.

ఇక సర్వర్ గొప్పదా, వర్క్‌స్టేషన్ (ఒక్కరి బల్ల దగ్గరుండే బలమైన కంప్యూటర్) గొప్పదా అన్న పేచీ. మావాడి చిప్పూ, డేటా సెంటర్లలో ఉండే ఎపిక్ 9654 కూడా ఒకే తల్లి పిల్లలు. అవే ముక్కలు, అవే 96 కోర్లు. పెద్దాడు ఎపిక్‌ది నైట్ డ్యూటీ ఉద్యోగం. ఎంత లేపినా వేగం 3.7 గిగాహెర్ట్జ్ దాటడు, కానీ పక్కన ఇంకొకణ్ణి కూర్చోబెడితే ఒకే బోర్డు మీద జంటగా పనిచేస్తాడు, మెమరీకి 12 దారులుంటాయి. చిన్నాడిది 8 దారులు, ఒంటరి బతుకు, 5.1 గిగాహెర్ట్జ్ పరుగు. పెద్దాడి ధర 11,805 డాలర్లని ప్రకటించారు, చిన్నాడిది 9,999. పదివేలైతే కొనేవాణ్ణి కాదని మావాడు ఇప్పటికీ అంటాడు.

ఆ 5.1 గురించి ఒక్క మాట. వెంచర్ బ్రోచర్లలో "శంషాబాద్ ఎయిర్‌పోర్టుకు 20 నిమిషాలు" అని ఉంటుంది చూడండి, అలాంటి నిజమే ఇదీ. తెల్లవారుజామున మూడింటికి, రోడ్డు మీద మీరొక్కరే ఉంటే 20 నిమిషాలే. ఒకటో రెండో కోర్లు పనిచేస్తున్నప్పుడు 5.1 అందుకుంటుంది. 96 కోర్లూ ఒకేసారి రోడ్డెక్కితే హైటెక్ సిటీలో సాయంత్రం ఆరు. అప్పుడు కంపెనీ ఖాయంగా మాటిచ్చేది 2.5 మాత్రమే.

రోడ్డు అంటే గుర్తొచ్చింది, దీనికి 128 లేన్లున్నాయి, చిప్పుకీ దానికి తగిలించిన కార్డులకీ మధ్య డేటా తిరిగే దారులు. మన ఔటర్ రింగ్ రోడ్డుకే ఎనిమిది. మావాడు ఆ 128 లేన్ల మీద ఒక గ్రాఫిక్స్ కార్డు, ఒక ఎస్‌ఎస్‌డీ తిప్పుతున్నాడు. రెండిటికీ కలిపి 20 పోను, మిగతా 108లో గడ్డి మొలిచింది.

భూమికి నీరు ముఖ్యం, కోరుకు మెమరీ ముఖ్యం. ఈ చిప్పుకి మామూలు ర్యామ్ పనికిరాదు, రిజిస్టర్డ్ ర్యామే పెట్టాలి. నోటరీ చెల్లదన్నమాట. ఎనిమిది స్లాట్లలో ఎనిమిది స్టిక్కులు పెడితే సెకనుకి సుమారు 333 గిగాబైట్లు పారుతుంది. చిప్పు కొనేసరికి లోను కాస్తా అయిపోయింది కాబట్టి సికింద్రాబాద్‌లోని కంప్యూటర్ల బజారు సీటీసీ నుంచి మావాడు ఒక్క స్టిక్కే పట్టుకొచ్చాడు. "మిగతావి మెల్లగా వేద్దాం బావా." అంటే 41.6 గిగాబైట్లు. 96 ఎకరాలకి ఒకటే బోరు, అదీ రెండించుల నీళ్లు. ఎదురు ఫ్లాటాయన 56కీ ఎనిమిది బోర్లూ వేయించాడు. మెమరీ ఎక్కువ అడిగే పనుల్లో ఆయన మావాణ్ణి సునాయాసంగా దాటిపోతాడు. ఈ ముక్క మావాడితో అనలేదు. మా ఆవిడ తమ్ముడు కదా.

గృహప్రవేశం రోజు చూడాలి. కొబ్బరికాయ కొట్టారు, సీపీయూ క్యాబినెట్‌కి నిమ్మకాయ కట్టారు, స్విచ్ వేశారు. తెర నల్లగా ఉంది. ఒక నిమిషం. రెండు నిమిషాలు. ఫ్యాన్లు మాత్రం విమానంలా హోరెత్తుతున్నాయి. నలుగురం చేతులు కట్టుకుని, బోరు తవ్వేచోట నీళ్లు పడతాయా అని చూసేవాళ్లలా నిలబడ్డాం. మొదటిసారి ఆన్ చేసినప్పుడు బోర్డు కొత్త మెమరీకి ట్రైనింగ్ ఇచ్చుకుంటుంది, అందుకే ఆలస్యం. అది తెలియని అత్తయ్య "ఎదురింటి దిష్టి" అని తేల్చేసి ఎండుమిరపకాయలు తేవడానికి లోపలికెళ్లింది. ఆవిడ తిరిగొచ్చేసరికి తెర వెలిగింది. ఇప్పటికీ ఆ ఘనత మిరపకాయలదే.

తెర వెలగ్గానే మావాడు ఏ కోరు ఎంత పనిచేస్తోందో చూపే టాస్క్ మేనేజర్ తెరిచాడు. 192 గళ్లు. కోరుకి రెండు దారాలు (థ్రెడ్లు) కదా, అంటే ఒక్కో కోరు ఒకేసారి రెండు పనులు పట్టుకుంటుంది. ఒక గడిలో 11 శాతం, ఇంకో గడిలో 4, మిగతావన్నీ సున్నాలు. తాంబూలంలా వచ్చినవాళ్లందరికీ ఇప్పటికీ అదే చూపిస్తాడు.

ఆ సున్నాలెందుకో 1967లోనే జీన్ ఆమ్‌డాల్ అనే పెద్దమనిషి చెప్పి వెళ్లాడు. మన భాషలో చెప్పాలంటే, పెళ్లికి 96 మంది వంటవాళ్లని పెట్టుకోవచ్చు, 96 కార్లు తిప్పవచ్చు, మూడుముళ్లు వేసేది మాత్రం ఒక్కడే. పనిలో పదో వంతు అలా ఒక్కడే చేయాల్సిందైతే 96 కోర్లు పెట్టినా వేగం తొమ్మిది రెట్లు దాటి ఆగిపోతుంది. కోర్లు ఎన్ని పెంచినా పదికి చేరదు. ఈ లెక్క మావాడికి చెబితే, "ఆయన కాలంలో థ్రెడ్‌రిప్పర్ లేదు కదా బావా" అన్నాడు.

శిస్తు సంగతి మరీ అన్యాయం. డేటాబేస్ సాఫ్ట్‌వేర్లు చాలావాటికి లైసెన్సు కోరు చొప్పున కట్టాలి, పంట పండినా ఎండినా. అందుకని అసలు ఆసాములు కోర్లు తగ్గించి కొనుక్కుంటారు. ఎపిక్ 9175ఎఫ్ అని ఒకటుంది, 16 కోర్లే. 16 ముక్కల్లో ముక్కకొక్క కోరు పెట్టి, 512 మెగాబైట్ల క్యాష్ (చిప్పులోనే ఉండే చురుకైన మెమరీ) ఇచ్చారు. ఎనిమిది గదుల ఇంట్లో ఒక్కడే ఉన్నట్టు. అదీ దర్జా అంటే. కానీ ఆ 16 అంకె మన లిఫ్టులో చెప్పుకోవడానికి పనికిరాదు.

వేడి గురించి ఎక్కువ చెప్పను. 350 వాట్లంటే గదిలో ముగ్గురు చుట్టాలు ఎప్పుడూ కూర్చుని ఉన్నట్టు, కాఫీ అడగరంతే. వానాకాలంలో అత్తయ్య దాని వెనకాల సాక్సులు ఆరేస్తోంది. 96 కోర్లకీ ఏకకాలంలో దొరికిన పని నాకు తెలిసి అదొక్కటే.

ఇంతకీ మావాడి ఉద్యోగం? రిమోట్ డెస్క్‌టాప్‌లో ఆఫీసు మెషీన్‌లోకి వెళ్లి అక్కడ పనిచేస్తాడు. ఆ మెషీన్ ఎక్కడో అద్దె సర్వర్లో ఒక మూల, నాలుగు వర్చువల్ సీపీయూలు, అంటే అద్దెకిచ్చేవాళ్లు లెక్కకి పంచిన వాటాలు. అలాంటివి రెండు కలిస్తే సాధారణంగా ఒక కోరు. అంటే ఇంట్లో 96 ఎకరాలు బీడు పెట్టుకుని, ఊరవతల రెండెకరాలు కౌలుకి చేస్తున్నాడు.

మొన్న రాత్రి పదింటికి ఫోన్ చేశాడు.

"బావా, ఆఫీసు మెషీన్ బాగా స్లోగా ఉంది. ఇక్కడ ఇంకో ర్యామ్ వేయిస్తే అక్కడ స్పీడవుతుందా?"