వచ్చిన దారి మరవొద్దు

బ్రిటన్ ప్రతిపక్ష నాయకురాలు కెమీ బేడెనాక్ 1980 జనవరిలో లండన్‌లోని వింబుల్డన్‌లో పుట్టారు. తల్లిదండ్రులు నైజీరియన్లు. తల్లి కాన్పు కోసం లండన్ వచ్చి, బిడ్డతో నైజీరియాలోని లాగోస్‌కు తిరిగి వెళ్లిపోయారు. అప్పట్లో బ్రిటన్ గడ్డమీద పుడితే చాలు, పౌరసత్వం వచ్చేసేది. 1983 జనవరి 1 నుంచి ఆ నిబంధన పోయింది. మూడేళ్లు ఆలస్యంగా పుట్టి ఉంటే, ఆ దేశంలో అడుగుపెట్టడానికే ఆమెకు వీసా కావాల్సి వచ్చేది. ఆమె రాజకీయాలను ఇక్కడి నుంచే చూడాలన్నది మా అభిప్రాయం.

తండ్రి డాక్టర్, తల్లి ఫిజియాలజీ ప్రొఫెసర్. ఉన్న కుటుంబమే అయినా, సైనిక పాలనలో ఆర్థిక వ్యవస్థ కుప్పకూలడంతో వాళ్లూ కష్టాలు పడ్డారు. 2017లో పార్లమెంటులో చేసిన తొలి ప్రసంగంలో కెమీ ఆ రోజుల్ని గుర్తుచేసుకున్నారు. ప్రభుత్వ విద్యుత్ సంస్థ కరెంటు ఇవ్వలేక కొవ్వొత్తి వెలుగులో హోంవర్క్ చేసుకోవడం, కుళాయి రాక మైలు దూరంలోని బోరు నుంచి తుప్పుపట్టిన బరువైన బకెట్లతో నీళ్లు మోయడం ఆమె స్వయంగా పడ్డ పాట్లు. ప్రభుత్వం చేతిలో ఏదీ బాగుపడదన్న ఆమె నమ్మకం పుస్తకాలు చదివి వచ్చింది కాదు, ఆ బకెట్లు మోసిన చేతులతో వచ్చింది. ఆ నమ్మకంతో మేం ఏకీభవించం. ఆ కుళాయిలు ఎండిపోవడంలో సైనిక పాలకుల దోపిడీ పాత్ర తక్కువేమీ కాదు. కానీ ఆమె చిత్తశుద్ధిని మాత్రం శంకించలేం.

1996లో పదహారేళ్ల వయసులో, వంద పౌండ్లతో కెమీ లండన్ తిరిగొచ్చారు. కుటుంబ స్నేహితుల ఇంట్లో ఉంటూ, మెక్‌డొనాల్డ్స్‌లో పనిచేస్తూ చదువుకున్నారు. ససెక్స్ యూనివర్సిటీలో కంప్యూటర్ ఇంజినీరింగ్, ఆపై సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. ఉద్యోగం చేస్తూనే లా డిగ్రీ. పార్ట్‌టైమ్ పని, కంప్యూటర్ చదువు, సాఫ్ట్‌వేర్ కొలువు అంటే బ్రిటన్‌లో పిల్లలున్న మన ఇళ్లలో ఎవరికీ విడమరిచి చెప్పనక్కర్లేదు. వాళ్లు పడే వీసా టెన్షన్ ఒక్కటే ఆమెకు లేదు.

2005లో కన్జర్వేటివ్ పార్టీలో చేరారు. 2010లో లండన్‌లో పోటీచేసి ఓడిపోయారు. 2017లో ఎసెక్స్‌లోని శాఫ్రన్ వాల్డెన్ నుంచి ఎంపీ అయ్యారు. 2022 జూలైలో బోరిస్ జాన్సన్ ప్రభుత్వం నుంచి తప్పుకొని నాయకత్వ పోటీలో దిగి, నాలుగో స్థానంలో నిలిచారు. తర్వాత వాణిజ్య మంత్రిగా ఆమె చేసిన ఒక పనిని ప్రత్యేకంగా చెప్పుకోవాలి. బ్రిటన్ యూరోపియన్ యూనియన్‌లో ఉన్న కాలం నాటి వేలాది చట్టాలను 2023 చివరికల్లా ఒక్క దెబ్బకు తుడిచేయాలని సొంత పార్టీలోని కరడుగట్టిన యూనియన్ వ్యతిరేకులు పట్టుబడితే, అది జరిగే పని కాదంటూ జాబితాను సుమారు ఆరు వందలకు కుదించారు. తిట్లు తిన్నారు, కానీ వెనక్కి తగ్గలేదు. 2024 నవంబర్ 2న రాబర్ట్ జెన్రిక్‌ను ఓడించి పార్టీ నాయకురాలయ్యారు. బ్రిటన్‌లో ఒక ప్రధాన పార్టీకి నల్లజాతి వ్యక్తి నాయకత్వం వహించడం అదే మొదటిసారి.

చేతికొచ్చింది మాత్రం 121 సీట్లకు పడిపోయిన పార్టీ. పక్కనే వలసలపై నిప్పులు చెరిగే రిఫార్మ్ పార్టీ ఓట్లు ఎగరేసుకుపోతోంది. ఆ భయంతోనే కావచ్చు, 2025 ఫిబ్రవరిలో ఆమె కొత్త ప్రతిపాదన తెచ్చారు: విదేశీయులు శాశ్వత నివాసానికి దరఖాస్తు చేసుకోవాలంటే అప్పుడున్న ఐదేళ్లు కాదు, పదేళ్లు ఆగాలి. పౌరసత్వానికైతే పదిహేనేళ్లు. మూడు నెలలు తిరిగేసరికి లేబర్ ప్రభుత్వం కూడా పదేళ్ల మాటే ఎత్తుకుంది. అధికారపక్షం, ప్రతిపక్షం ఒకే దిక్కుకు పోటీపడి పరిగెడితే, మధ్యలో నలిగిపోయే నర్సు గురించి, కేర్ హోమ్ వర్కర్ గురించి, ఐటీ ఉద్యోగి గురించి సభలో అడిగేదెవరు?

భారత్‌తో వాణిజ్య ఒప్పందం విషయంలోనూ ఆమె తీరు మమ్మల్ని నిరాశపరిచింది. కంపెనీలు తాత్కాలికంగా పంపే ఉద్యోగులు సామాజిక భద్రత చందాను రెండు దేశాల్లో కాక సొంత దేశంలోనే కట్టేలా మూడేళ్లు మినహాయింపు ఇస్తే, బ్రిటిష్ కార్మికులకు అన్యాయమంటూ విరుచుకుపడ్డారు. ఏడాది మినహాయింపు అంతకుముందు కూడా ఉంది. భారత్‌కు వచ్చే బ్రిటిష్ ఉద్యోగులకూ ఈ మూడేళ్ల మినహాయింపే వర్తిస్తుంది. ఒకప్పుడు ఈ చర్చలను స్వయంగా నడిపిన మంత్రికి ఇవి తెలియనివి కావు.

దేశంలోకి ఎవర్ని, ఎంతమందిని రానివ్వాలో తేల్చుకునే హక్కు బ్రిటన్‌ది. దాన్ని మేం ప్రశ్నించడం లేదు. కానీ ఐదేళ్ల నిబంధన చూసి, ఉన్న ఊళ్లో అప్పుచేసి వెళ్లి, పన్నులు కడుతున్నవారికి నాలుగో ఏట లెక్క మార్చేస్తామంటే అది మాట తప్పడమే. బ్రిటన్ పార్లమెంటులో ప్రతి బుధవారం ప్రధానిని ఆరు ప్రశ్నలడిగే అవకాశం ప్రతిపక్ష నేతకుంటుంది. ఇప్పటికే అక్కడున్నవారికి పాత నిబంధననే వర్తింపజేస్తారా అన్నది ఆ ఆరింటిలో ఒకటి కావాలి. ముందుగా తన పార్టీ ప్రతిపాదనలో ఆ హామీని రాసిపెట్టి, ఆ తర్వాత కెమీ బేడెనాక్ ప్రధానిని నిలదీయాలి.