ఎండ్ యూజర్ సర్టిఫికెట్ వారి సముఖమునకు

మహారాజశ్రీ ఎండ్ యూజర్ సర్టిఫికెట్ గారికి, విశాఖపట్నం రేవులో సరుకు కాగితాలు రాసే గుమాస్తా నమస్కరించి చేయు విన్నపం.

ఉభయకుశలోపరి. తమరు క్షేమమేనని తెలుసు. తమ మీద సంతకం పడ్డాక క్షేమం తప్పేది వేరేవాళ్లకు. "ఈ ఆయుధాలు మా సైన్యానికే, మరొకరికి ఇవ్వబోము" అని కొనే ప్రభుత్వం తమ మీద రాసి ముద్ర కొడితే చాలు, అమ్మే దేశం చేతులు దులుపుకుంటుంది.

1995 డిసెంబరులో పశ్చిమ బెంగాల్‌లోని పురూలియా పల్లెల మీద విమానం నుంచి జారవిడిచిన తుపాకులకు, బల్గేరియాలో కొన్ననాటి కాగితాల్లో గమ్యం బంగ్లాదేశ్. 2008 సెప్టెంబరులో సోమాలియా సముద్రపు దొంగలు ఫైనా అనే ఓడను పట్టుకుంటే అందులో 33 టి-72 ట్యాంకులు బయటపడ్డాయి. అవి తమవేనని కెన్యా అంటుంటే, సరుకు పత్రాల్లో 'జీఓఎస్ఎస్' అనే నాలుగక్షరాలు కనిపించాయి. దక్షిణ సూడాన్ ప్రభుత్వమని లోకమంతా చదివింది, అది తమ సైనిక శాఖ సంకేతమని కెన్యా అధికారులు సెలవిచ్చారు. ఆ కాగితాలను తనిఖీ చేసిన పుణ్యం దొంగలకు దక్కింది. మా రేవు నుంచి యూరప్ వెళ్లే రొయ్య ఏ చెరువులో పెరిగిందో మేము చూపించాలి, మందు అవశేషం దొరికితే పెట్టెలు వెనక్కి వస్తాయి. ట్యాంకుకు అంత పరీక్ష లేదు కాబోలు.

తమ బంధువర్గం, అంటే ఆయుధాలను తప్పుగా వాడనివ్వమనే హామీ పత్రాలు, మా ఊరికి కొత్త కాదు. పాకిస్తాన్‌కు ఇచ్చే సైనిక సాయాన్ని దురాక్రమణకు వాడితే అడ్డుకుంటామని 1954లో అమెరికా అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ నెహ్రూకు లేఖ రాశారు. తర్వాత అమెరికా పాకిస్తాన్‌కు ఇచ్చిన డయాబ్లో జలాంతర్గామి ఘాజీ అనే పేరుతో 1971 డిసెంబరులో మా రేవు ముంగిటకే వచ్చి, 90 మందికి పైగా మనుషులతో మునిగిపోయింది. నేడు బీచ్ రోడ్డులో టికెట్టు కొని మేము చూసే మన కురుసుర జలాంతర్గామి సోవియట్ తయారీ. అడుగున ఉన్నది ఒకరి సరుకు, ఒడ్డున ఉన్నది ఇంకొకరిది.

2013 ఏప్రిల్‌లో ఐక్యరాజ్య సమితి ఆయుధ వ్యాపార ఒప్పందాన్ని ఆమోదించినప్పుడు, భారం కొనేవారి మీద, వెసులుబాటు అమ్మేవారికి అని మన దేశం తటస్థంగా ఉండిపోయింది. ఆ ఫిర్యాదులో న్యాయం ఉందనే నా అభిప్రాయం, మనమూ ఇప్పుడు బ్రహ్మోస్ క్షిపణులు అమ్ముతున్నామన్నది వేరే సంగతి.

కనుక ఒక మనవి. తమ మీద కొనేవాడి ముద్ర పక్కన బోలెడు ఖాళీ ఉంది. ఈ ఆయుధం ఎవరి మీద పేలినా జవాబుదారీ నాదేనని అమ్మినవాడు సంతకం పెట్టడానికి అక్కడొక గీత గీయించగలరు.

ఇట్లు,
తమ విధేయుడు,
విశాఖపట్నం