లక్ష్యం 4.2 గారికి, తండా అంగన్‌వాడీ నుంచి

గౌరవనీయులైన లక్ష్యం 4.2 గారికి,
కేరాఫ్ ఐక్యరాజ్యసమితి, న్యూయార్క్.

నల్లగొండ జిల్లా, దేవరకొండ దిక్కు ఒక తండాలో పనిచేసే అంగన్‌వాడీ టీచర్ నమస్కరించి రాయునది. మేమిక్కడ క్షేమం. పిల్లలు అన్నం, గుడ్డు తిని పడుకున్నారు. ఆయమ్మ గిన్నెలు తోముతోంది. నాకు అరగంట దొరికింది.

మీ గురించి మొన్న ట్రైనింగ్‌లో చెప్పారు. ఐక్యరాజ్యసమితి దేశాలు పెట్టుకున్న సుస్థిర అభివృద్ధి లక్ష్యాల్లో మీరొకరట. 2015లో పుట్టారట. 2030 కల్లా ప్రపంచంలోని పసిపిల్లలందరికీ మంచి సంరక్షణ, నాణ్యమైన పూర్వ ప్రాథమిక విద్య అందేలా చూడడం మీ పనట. సంతోషం. ఇంటికొచ్చాక మీ వంశం ఆరా తీశాను. 1990లో థాయ్‌లాండ్‌లోని జోమ్‌టియెన్‌లో దేశాలన్నీ కూర్చుని, నేర్చుకోవడం పుట్టుకతోనే మొదలవుతుందని రాసుకున్నాయి. 2000 కల్లా అందరికీ చదువు అన్నాయి. 2000 వచ్చింది. సెనెగల్‌లోని డకార్‌లో మళ్లీ కూర్చున్నాయి. ఈసారి చిన్నపిల్లల సంగతిని మొట్టమొదటి లక్ష్యంగా పెట్టి, మొత్తం పనికి 2015 గడువు అన్నాయి. 2015 వచ్చింది, మీరు పుట్టారు. మా ఇంటి గోడ కట్టే మేస్త్రీ కూడా ఇంతే. ‘సోమవారం వస్తా టీచర్’ అంటాడు, ఏ సోమవారమో చెప్పడు. మీ ఇంట్లో కనీసం సంవత్సరమైనా చెబుతారు. అది మీ పెద్దరికం.

2010లో మాస్కోలో, మళ్లీ 2022లో తాష్కెంట్‌లో పసిపిల్లల చదువు గురించి మీ చుట్టాలు కలుసుకున్నారని విన్నాను. తాష్కెంట్ ప్రకటన నాకు బాగా నచ్చింది. చదువుకు పెట్టే ఖర్చులో కనీసం 10 శాతం ఈ చిన్నపిల్లలకు పెట్టాలట. వాళ్లకు చెప్పేవాళ్ల జీతాలు ప్రైమరీ టీచర్ల జీతాలకు తక్కువ కాకూడదట. ఆ మాట ఫోన్‌లో మా ప్రైమరీ స్కూల్ సారుకు చూపించాను. ఆయన చాలాసేపు నవ్వి, ఛాయ్ తాగించాడు. తాష్కెంట్ వల్ల నాకు ఇప్పటిదాకా ముట్టింది ఆ ఛాయే.

నాకు వచ్చేది జీతం కాదండీ, గౌరవ వేతనం. గౌరవం ఎక్కువైనకొద్దీ వేతనం తగ్గుతుందని మీకు తెలిసే ఉంటుంది. పిల్లల మెదడు ఎదుగుదలలో 85 శాతానికి పైగా ఆరేళ్లలోపే జరుగుతుందని 2020 జాతీయ విద్యా విధానంలో ఉంది. అంటే మనిషి మెదడులో పెద్ద వాటా నా చేతుల మీదుగా పోతోంది, మిగిలిన కొసరు యూనివర్సిటీల దాకా అందరూ పంచుకుంటున్నారు. జీతాలు మాత్రం తలకిందులుగా పంచారు. కూడికలు నాకూ వచ్చు కాబట్టి అడుగుతున్నా.

ఇక మీ పనిలోనే ఉన్న ‘నాణ్యత’. అది మా తండాలో ఎట్లా ఉంటుందో చెబుతా.

నేను చేరిన కొత్తలో ఒక మూడేళ్ల పిల్ల గుమ్మం పట్టుకుని ‘యాడి, యాడి’ అని ఏడ్చింది. యాడ అంటే ఎక్కడ కదా, ఏదో పారేసుకుందనుకుని చాప కింద, బియ్యం డబ్బా వెనక వెతికాను. నేను వెతికినకొద్దీ అది ఇంకా గట్టిగా ఏడ్చింది. ఆయమ్మ వచ్చి ‘అమ్మ కావాలంటోంది టీచర్. మా లంబాడీలో యాడి అంటే అమ్మ’ అంది. బియ్యం డబ్బా వెనక అమ్మ ఎట్లా దొరుకుతుంది? పసిపిల్లలకు ఇంటి భాషలోనే చెప్పాలని ఆ విద్యా విధానంలోనూ ఉంది, మీవాళ్ల కాగితాల్లోనూ ఉంది. మా సెంటర్‌లో ఇంటి భాష అంటే ఆయమ్మ. పాట నేను తెలుగులో పాడితే, పప్పు కలుపుతూ ఆమె లంబాడీలో అందుకుంటుంది. పిల్లలు ఆమె వైపే తిరుగుతారు. ట్రైనింగ్‌కు పిలిచేది మాత్రం నన్ను.

తల్లిదండ్రుల నాణ్యత వేరు. దానికి టై ఉంటుంది, బెల్టు ఉంటుంది, పొద్దున్నే ఆటో వస్తుంది. అప్పుచేసి ఎల్‌కేజీకి పంపుతారు. సాయంత్రానికి నాలుగేళ్ల పోరగాడు ఏబీసీడీలు నాలుగు పేజీలు రాస్తూ నిద్రపోతాడు. మా దగ్గర ఇసుకలో బొమ్మ గీస్తే ‘ఆడిస్తోంది’ అంటారు. అవును, ఆడిస్తున్నాను. దాన్నే మీ భాషలో ఏమంటారో ట్రైనింగ్‌లో గంటసేపు చెప్పారు.

ఆడించడానికి టైమ్ ఉంటే కదా! హాజరు ఫోన్‌లో. బరువు, ఎత్తు ఫోన్‌లో. పసిపిల్లల బాలామృతం పిండి తీసుకుపోయే తల్లి ముఖం కూడా ఫోన్ గుర్తుపట్టాలి. మొన్న ఒకామె పత్తి ఏరుతూ చేనులోంచి నేరుగా వచ్చింది, ఎండకు ముఖం కమిలిపోయి. ఫోన్ ‘ఈమె కాదు’ అంది. ఆమె పెళ్లికి నేను వెళ్లాను. ఫోన్ వెళ్లలేదు, దానికి తెలియదు. నాలుగుసార్లు ముఖం కడిగించాక ఒప్పుకుంది. ఈలోపు లోపల ఇద్దరు కొట్టుకుని, ఒకడి ముక్కులో బఠాణీ గింజ దూరింది. గింజ తీయడానికి ఏ యాప్ లేదు, వేలితోనే తీశాను.

దసరా పోయిందంటే ఇంకో తంటా. పని కోసం కుటుంబాలు హైదరాబాద్ బయలుదేరతాయి. పాలమూరు దిక్కున ముంబై, పుణె దాకా పోతారు. తల్లి ఇటుకలు మోస్తుంటే పిల్ల ఇసుక కుప్ప మీద. అక్కడి సెంటర్‌కు పేరు బదిలీ చేసి పంపొచ్చు అంటారు. ఏ సెంటర్‌కని పంపను? వాళ్ల గుంపు మేస్త్రీకే వచ్చే వారం సైట్ ఎక్కడో తెలియదు. నా రిజిస్టర్‌లో పేరు, సైట్‌లో పిల్ల, మీ లెక్కలో ఏ గడిలో ఉందో మీరే చెప్పాలి.

ఇంకో చిన్న సందేహం. మా దేశంలో ఆరేళ్లు నిండితే చదువు హక్కు. నిండకపోతే, 2002 సవరణ తర్వాత రాజ్యాంగం 45వ అధికరణం ప్రకారం ప్రభుత్వం ‘ప్రయత్నించాలి’. అయిదేళ్ల పదకొండు నెలల పిల్లకు ప్రయత్నం, నెల తిరిగితే హక్కు. మా అంగన్‌వాడీల పథకం 1975 అక్టోబర్ 2న 33 బ్లాకుల్లో మొదలైంది. యాభై ఏళ్లు నిండాయి. మొదటి రోజు గుడ్లప్పగించి చూసిన పిల్లలకు ఈపాటికి మనవలు పుట్టి ఉంటారు, వాళ్లకూ ప్రయత్నమే నడుస్తోంది.

మీరు చెడ్డవారని నేననను. మీ పేరు చెప్పే అప్పుడప్పుడు కొత్త బొమ్మలొస్తాయి, చాపలొస్తాయి. ఒక్కసారి మీరే రండి. దేవరకొండలో బస్సు దిగి తండా ఆటో ఎక్కండి. నీళ్ల ట్యాంకు దగ్గర దిగితే పాట వినిపిస్తుంది, అటే రండి. చాప మీద కూర్చోవాలి, కుర్చీ ఒక్కటే ఉంది, దాని మీద తూకం మిషన్ పెట్టాం.

వచ్చిన వెంటనే మీ ముఖం ఫోన్‌కు చూపించాలి. సిగ్నల్ ట్యాంకు దగ్గరే అందుతుంది కాబట్టి మళ్లీ వెనక్కి నడవాల్సి ఉంటుంది. గుర్తుపట్టకపోతే మీరు రానట్టే రాసుకుంటాం. ఏమీ అనుకోవద్దు.

ఇట్లు,
మీ గౌరవ కార్యకర్త
(పిల్లలకు టీచర్)