కుటుంబ పథకం: లబ్ధిదారుడు ఒక్కడే

పిల్లవాడి స్థూలకాయం తగ్గాలంటే ఇంటిల్లిపాదీ పూనుకోవాలన్న సంగతిని అమెరికా వారు చాలా కష్టపడి కనిపెట్టారు. లియోనార్డ్ ఎప్‌స్టైన్ అనే పరిశోధకుడు, ఆయన సహచరులు కలిసి 6 నుంచి 12 ఏళ్ల పిల్లలను కుటుంబాలతో సహా మూడు జట్లుగా విడదీశారు. ఒక జట్టులో బిడ్డతోపాటు తల్లినో తండ్రినో కూడా బరువు తగ్గమని ప్రోత్సహించి, రెండో జట్టులో బిడ్డను మాత్రమే ప్రోత్సహించి, మూడో జట్టువారిని వేళకు హాజరైనందుకు మెచ్చుకొని పంపించి, పదేళ్ల తరువాత మళ్లీ పిల్లలను తూచి, ఆ ఫలితాలను 1990లో ప్రచురించారు. ఉండవలసిన బరువు కన్నా ఎంత శాతం ఎక్కువ ఉన్నారన్న లెక్క మొదటి జట్టు పిల్లల్లో సగటున 7.5 తగ్గింది, మూడో జట్టులో 14.3 పెరిగింది, బిడ్డను మాత్రమే ప్రోత్సహించిన జట్టు రెంటికీ నడుమ ఎటూ కాకుండా మిగిలింది. ఇంతమాత్రానికి పదేళ్లు దేనికో నాకు అర్థం కాదు. ఆ పెద్దమనుషులు ఏదో ఒక ఆదివారం మధ్యాహ్నం నెల్లూరు వేదాయపాళెంలోని మా ఇంటికి వచ్చి, చేపల పులుసు వడ్డించే వేళకు ఒక గంట కూర్చొని ఉంటే, పిల్లవాడి ఒళ్లు సమష్టి కృషి ఫలితమేనని కళ్లారా చూసి వెళ్లేవారు.

ఆ కృషిలో తండ్రిగా నా భాగం చిన్నది కాదు గనుక, మా ఇంట అమలులో ఉన్న కుటుంబ పథకాన్ని నలుగురి మేలు కోరి ఇక్కడ వివరిస్తున్నాను.

మా వాడికి పదేళ్లు. ఎత్తు 138 సెంటీమీటర్లు, బరువు 46 కిలోలు. పొగతోటలోని ఒక పిల్లల వైద్యుడు ఈ రెండు అంకెలనూ కలిపి, శరీర ద్రవ్యరాశి సూచిక (బీఎంఐ) 24 అని తేల్చి, ప్రపంచ ఆరోగ్య సంస్థ పట్టికలో ఆ వయసు మగపిల్లలకు 21.4 దాటితే స్థూలకాయమేనని వేలు పెట్టి చూపించారు. 25 దాకా భయం లేదని సెల్‌ఫోనులో చదివాను కదా అని నేను అడ్డుపడ్డాను. అది పెద్దవాళ్ల లెక్క అనీ, పిల్లలకు వయసును బట్టి గీత మారుతుందనీ ఆయన ఓపికగా చెప్పారు. మాత్ర గానీ, టానిక్ గానీ రాయలేదు. వాడు ఎత్తు పెరిగే వయసులో ఉన్నాడు కాబట్టి కిలోలు తగ్గించనక్కరలేదనీ, బరువును ఉన్నచోట నిలబెట్టగలిగితే మిగతా పని ఎత్తే చూసుకుంటుందనీ అన్నారు. అంతటితో ఆగి ఉంటే ఆయన మీద నాకు గౌరవం నిలిచి ఉండేది.

ఆయన ఒక తెల్లకాగితం తీసి, మా ఇంట్లో ఉండే ఐదుగురి పేర్లూ వరుసగా రాసి, ఒక్కొక్కరి ఎదుట ఒక గడి గీసి, ముందు నన్ను తూకపు యంత్రం ఎక్కమన్నారు.

"నాకు కాదండీ, వాడికి" అన్నాను.

"వాడిది అయిందండీ. వాడు మీ ఇంట్లోనే కదా తినేది" అన్నారాయన.

నా భార్య లేచి మారు మాట్లాడకుండా ఎక్కింది. నేను మాత్రం, బూట్లు విప్పితే మళ్లీ లేసులు కట్టుకోవడానికి వంగవలసి వస్తుందన్న వాస్తవాన్ని వేరే మాటల్లో విన్నవించుకొని, మళ్లీ వచ్చినప్పుడు చూద్దామన్నాను. నా పేరు ఎదుట గడి ఖాళీగా ఉండిపోయింది. మా వాడు ఆ ఖాళీ గడి వైపు చాలాసేపు చూడటం నేను గమనించకపోలేదు.

ఆ తరువాత ఆయన నూనె లెక్క అడిగారు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ వేసిన రోజువారీ పళ్లెంలో నూనె, నెయ్యి, వెన్న అన్నీ కలిపి మనిషికి 27 గ్రాములేనట. ఐదుగురికి నెలకు నాలుగున్నర లీటర్లు దాటకూడదన్నమాట. మా ఇంట తొమ్మిది లీటర్లు అవుతుందని నా భార్య నిజాయితీగా చెప్పింది. అన్ని ప్రశ్నలకూ నిజం చెప్పే అలవాటు వైద్యుల దగ్గర మంచిది కాదని దారిలో ఆమెకు నచ్చజెప్పాను.

ఆ రాత్రే ఇంట్లో సమావేశం జరిగింది. మా అమ్మ అధ్యక్షత వహించింది. వైద్యుడు చెప్పినదంతా నేను చదివి వినిపించగా, సభ్యులందరూ కుటుంబ పద్ధతిని హర్షధ్వానాలతో ఆమోదించి, దాని ప్రకారం పిల్లవాడు ఒక్కడూ పథ్యం చేయాలనీ, మిగతా నలుగురూ వాడు పథ్యం తప్పకుండా కావలి కాయాలనీ తీర్మానించారు. కావలి కాసేవారికి బలం కావాలి గనుక వారి ఆహారంలో మార్పులు వద్దనుకున్నాం. మరునాడు ఉదయం వాడికి రాగి జావ, మాకు నెయ్యి కారం దోసె. ఒకే బల్ల. వాడు గరిటెతో జావ కలుపుకుంటూ మా పళ్లాల వైపు చూసిన చూపును నేను వార్తాపత్రిక అడ్డం పెట్టుకొని తట్టుకున్నాను.

ఎప్‌స్టైన్ బృందం వాడిన మరో పద్ధతి పేరు ట్రాఫిక్ లైటు పథ్యం. కూరగాయల వంటివి పచ్చదీపం, తృప్తిగా తినవచ్చు. అన్నం, పప్పు వంటివి పసుపు, కొలత చూసుకోవాలి. మిఠాయిలు, వేపుళ్లు ఎరుపు, వారానికి ఇన్నిసార్లే అని హద్దు పెట్టుకోవాలి. ఎరుపు పదార్థాలు అసలు ఇంట్లోకే రాకుండా చూసుకోవడం ఇందులో పెద్దల పని. ఇది మా ఊరికి సరిగ్గా సరిపోయే విధానం, ఎందుకంటే ట్రంకు రోడ్డు మీద ఎర్రదీపం వెలిగినప్పుడు మనం ఏం చేస్తామో మా వంటింట్లోనూ అదే చేశాం. కానిస్టేబులు ఉంటే ఆగాం, లేకపోతే అటూ ఇటూ చూసి వెళ్లిపోయాం. మలై కాజా డబ్బా బల్ల మీది నుంచి ఫ్రిజ్‌లో పై అరకు, అక్కడి నుంచి కొత్తిమీర కట్ట వెనకకు మారిందే తప్ప, ఇంటి గడప దాటి బయటకు పోలేదు.

అధ్యక్షురాలి వాదం వేరు. ఆమెది కనిగిరి వైపు మెట్ట పల్లె. వానలు మొహం చాటేసిన ఏళ్లలో సజ్జ సంగటి, పచ్చిమిరపకాయ తప్ప మరొకటి ఎరగకుండా పెరిగిన మనిషి. వరి అన్నం పండగనాటి మాట అనీ, బిడ్డ బుగ్గ పట్టుకుంటే వేళ్ల నిండా రావడం ఊళ్లో ఒకరిద్దరు మోతుబరుల ఇళ్లలోనే చూశాననీ చెబుతుంది. అటువంటి మనిషికి మనవడి ఒళ్లు వ్యాధిలా కనిపించదు. మూడు తరాల ఆకలికి ఇచ్చిన జవాబులా కనిపిస్తుంది. ఈ మాటకు ఎదురు చెప్పే పట్టిక ఏ వైద్యుడి దగ్గరా లేదు, నేనూ చెప్పలేదు. "బిడ్డ ఒంగోలు గిత్త మాదిరి ఉండాడు, మీ కళ్లే పాడు కళ్లు" అని ఆమె ప్రతి శనివారం ఉప్పూ ఎండుమిరపకాయలూ తీసుకొని వాడికి దిష్టి తీస్తుంది. (ఒంగోలు గిత్త రోజంతా అరక లాగుతుందనీ, మా వాడు సంచీ కూడా మోయడనీ ఆమెకు గుర్తుచేసే ధైర్యం ఇంట్లో ఎవరికీ లేదు.) తమాషా ఏమంటే, ఆమె పేదరికంలో తిన్న ఆ సజ్జలే, 2023ను అంతర్జాతీయ చిరుధాన్యాల సంవత్సరంగా జరిపిన తరువాత, మాగుంట లేఅవుట్ దుకాణాల్లో ముద్దుముద్దు పొట్లాల్లో బియ్యం కన్నా ఎక్కువ ధరకు దొరుకుతున్నాయి. ఒక పొట్లం తెచ్చి చూపించాను. "దీని కోసమా మీ తాత ఊరు వదిలింది" అని దాన్ని పక్కకు నెట్టింది.

పెద్దలకూ పిల్లలకూ మధ్య అధికార విభజన గురించి ఎలిన్ శాటర్ అనే పోషకాహార నిపుణురాలు ఒక సూత్రం చెప్పారు. ఏం పెట్టాలి, ఎప్పుడు పెట్టాలి, ఎక్కడ పెట్టాలి అన్నవి పెద్దల చేతిలో ఉండాలి. ఎంత తినాలన్నది బిడ్డ కడుపుకు వదిలేయాలి. మా ఇంట్లోనూ విభజన ఉంది, కాకపోతే కొంచెం తిరగబడింది. ఏం కావాలో పిల్లవాడు ఫోనులో నొక్కి తెప్పిస్తాడు, ఎప్పుడన్నది వీధి చివర బజ్జీల బండి నిర్ణయిస్తుంది, ఎక్కడన్నది టీవీ నిర్ణయిస్తుంది, ఎంత అన్నది మాత్రం నాయనమ్మ చేతిలో ఉంది. వాడు కడుపు నిండిందని చేయి అడ్డం పెడితే, ఆ వేళ్ల సందుల్లోంచే ఒక ముద్ద జారవిడిచే నేర్పు ఆమెది.

ఆటల సంగతి త్వరగా ముగిస్తాను, చెప్పడానికి ఏమీ లేదు కాబట్టి. 5 నుంచి 17 ఏళ్ల పిల్లలు రోజుకు సగటున 60 నిమిషాలు ఒళ్లు అలిసేలా ఆడాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటుంది. మా వాడి బడి రెండు దుకాణాల మీద మూడో అంతస్తులో ఉంది. వ్యాయామ పీరియడును లెక్కల మాస్టారు అప్పు తీసుకున్నారు, ఇంకా తీర్చలేదు. ఇంటికీ బడికీ నాలుగు వందల మీటర్లు, వాడిని స్కూటరు మీద నేనే దింపుతాను. సాయంత్రం ట్యూషన్. 2025 మే నెలలో సీబీఎస్ఈ తన బడులన్నింటిలో చక్కెర బోర్డులు పెట్టమని ఆదేశించినప్పటి నుంచి, ఏ పానీయంలో ఎన్ని చెంచాల చక్కెర ఉంటుందో చూపే పటం ఒకటి మెట్ల దగ్గర వేలాడుతోంది. పుట్టినరోజు చాక్లెట్లు పంచేది కూడా ఆ మెట్ల దగ్గరే.

ఇక సలహాల విషయంలో మాత్రం మేము ఏ దేశానికీ తీసిపోము. మూడు నెలల నుంచి ఏడాది లోపు కనీసం 26 గంటలపాటు కుటుంబంతో ముఖాముఖి కూర్చొని చెప్పాలని అమెరికా పిల్లల వైద్యుల సంఘం 2023లో సూచించింది. మొన్న ఒంగోలులో జరిగిన ఒక్క పెళ్లిలోనే మా వాడికి ఆ కోటా పూర్తయింది. మా అత్త వాడి బుగ్గ గిల్లి "ఏందిరా గుమ్మడికాయా" అని పిలిచి, అదే చేత్తో మైసూరు పాకు అందించింది. జిమ్‌కు వెళ్లే మా తమ్ముడు, అంటే వాడి బాబాయి, పదిమంది ముందు వాడిని తన పక్కన నిలబెట్టి ఫొటో తీయించాడు. ఎగతాళి చేస్తే పిల్లలు తగ్గరనీ, సిగ్గుతో ఇంకొంచెం చాటుగా తింటారనీ వైద్యుడు చెప్పిన మాట నాకు ఆ పందిట్లో గుర్తుకొచ్చింది. కానీ అప్పటికే నేను రెండో విడత బూరెల దగ్గర ఉన్నాను.

ఈ పథకంలో మేము చేసిన పొరపాటు ఒక్కటే. తిన్నదీ తిరిగినదీ ఇంట్లోవాళ్లందరూ ఏ రోజుకారోజు రాసుకోవాలని వైద్యుడు ఒక నోటు పుస్తకం ఇచ్చారు. తమ లెక్క తాము రాసుకోవడమే ఈ చికిత్సకు వెన్నెముక అని కూడా చెప్పారు. మాకెవరికీ తీరిక లేదు కాబట్టి, దస్తూరి బాగుంటుందని, రాసే బాధ్యత మా వాడికి అప్పగించాం. వాడు లెక్కల మాస్టారు నేర్పిన శ్రద్ధతో అడ్డగీతలు, నిలువు గీతలు కొట్టి, ఐదుగురికీ తలా ఒక వరుస ఇచ్చి, మూడు వారాలు పొల్లుపోకుండా రాశాడు. నిన్న నేను దాన్ని తెరిచి చూశాను.

"నాయనమ్మ: నాలుగు గంటలకు సున్నుండ 1. నాకు సగం ఇచ్చింది, అమ్మకు చెప్పొద్దంది." "బాబాయి: జిమ్‌కు వెళ్లాడు, 20 నిమిషాలు. పరోటా 4." "అమ్మ: నా జావ మిగిలితే తాగింది. తను టిఫిన్ తినలేదు." "నాన్న: రాత్రి 10.40. మలై కాజా 2. కొత్తిమీర వెనక."

కుటుంబ రహస్యాలు ఈ విధంగా లిఖితపూర్వకం కావడం పిల్లవాడి చదువుకు మంచిది కాదని భావించి, పుస్తకాన్ని స్వాధీనం చేసుకోవాలని అత్యవసర సమావేశంలో ప్రతిపాదించాను. అధ్యక్షురాలు వెంటనే బలపరిచింది. నా భార్య ఒక్కతే ఒప్పుకోలేదు, కారణం కూడా చెప్పలేదు. నిర్ణయం వాయిదా పడింది.

రాత్రి అందరూ పడుకున్నాక నేను మంచం కింద నుంచి తూకపు యంత్రాన్ని చప్పుడు కాకుండా లాగి, దీపం వేయకుండా, ఫోను వెలుగులో ఎక్కి చూసుకొని, మళ్లీ యథాస్థానంలో పెట్టి వచ్చి పడుకున్నాను. ఉదయం పుస్తకం భోజనాల బల్ల మీద ఉంది. వైద్యుడు గీసి ఇచ్చిన కాగితాన్ని వాడు మొదటి పేజీలో జిగురుతో అంటించి ఉంచాడు. అందులో ఖాళీగా ఉన్న గడిలో కొత్తగా, గుండ్రటి అక్షరాలతో రాసి ఉంది: "94.6. లుంగీతో."